చేతి జీపీఎస్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి దారి చూసుకోవడం: గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 64ఎస్ రివ్యూ

ముందే తేల్చి చెప్పేస్తా. తిరుపతి టౌన్లోనో, చిత్తూరు హైవే మీదనో దారి చూసుకోవడానికైతే ఈ 64ఎస్ జోలికి రావద్దు, జేబులో ఉన్న ఫోను చాలు. కానీ భాకరాపేట ఘాట్ దాటి లోపలికి పోయే పనున్నవాళ్లు, మామిడి తోటలూ చెరువు గట్లూ పట్టుకుని తిరిగేవాళ్లు, తమ సొంత మ్యాపు పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని బండి కదులుతుండగానే అందులో తామెక్కడున్నామో చూసుకోవాలనుకునేవాళ్లు మాత్రం ఒకసారి దీని గురించి గట్టిగా ఆలోచించండి. నాకు ఇది పనికొచ్చింది, ఇంకా వస్తోంది. అయితే బాక్సులోంచి తీసి కేబుల్ గుచ్చగానే పనిచేసే వస్తువు కాదిది. ఎక్కడెక్కడ ఆగిపోతుందో తెలుసుకుని దిగితే టెన్షన్ ఉండదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

నా పని డ్రిప్పు డిజైన్లు. చంద్రగిరి, పాకాల, పూతలపట్టు, పెనుమూరు వైపు తోతాపురి తోటలకు లైన్లు ఎక్కడ పోవాలి, బోరు దగ్గర నుంచి ఎత్తుపల్లాలు ఎలా ఉన్నాయి అని చూసి ల్యాప్‌టాప్‌లో గీసి ఇస్తాం. తోట మ్యాపు, పైపు లైన్లు, కాలవలు అన్నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. మనం నిలబడ్డ చోటు మాత్రం చేతిలో ఉన్న జీపీఎస్‌కి తెలుస్తుంది. ఈ రెండింటినీ కలపడమే మొత్తం కథ.

ముందు పరికరం సంగతి. 64ఎస్ 2014లో వచ్చిన మోడల్. 2.6 అంగుళాల కలర్ స్క్రీను, టచ్ లేదు, అన్నీ బటన్లే. తోటలో చేతికి మట్టి, చెమట ఉన్నప్పుడు టచ్ స్క్రీను కంటే బటన్లే నయం. రెండు ఏఏ సెల్స్‌తో నడుస్తుంది, కంపెనీ లెక్క ప్రకారం 16 గంటలు. సెల్స్ అయిపోతే భాకరాపేటలో కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి, నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. నీళ్లలో పడినా తట్టుకునే ఐపీఎక్స్7 రేటింగు ఉంది. ఒక్క ఎండలోనే కాదు, వానలోనూ స్క్రీను బాగానే కనిపిస్తుంది. దానితో వచ్చే మ్యాపు మాత్రం ప్రపంచమంతటికీ కలిపి ఇచ్చిన ముతక మ్యాపు, మన పల్లె దారులు అందులో వెతకొద్దు.

పైన పొడుచుకొచ్చినట్టు ఉండే ఆ లావు యాంటెన్నా చూసి కొందరు పాత కాలం వాకీటాకీ అనుకుంటారు కానీ, దీని బలమంతా అందులోనే ఉంది. అది క్వాడ్ హెలిక్స్ యాంటెన్నా. పరికరాన్ని నిలువుగా పెడితే బాగా అందుకుంటుంది. బండిలో డ్యాష్‌బోర్డు మీద దీన్ని పడుకోబెట్టేవాళ్లను చూశాను. అలా కాకుండా అద్దానికి ఆనించి నిలబెట్టండి. శేషాచలం కొండల పక్కన లోయల్లో, చెట్ల కింద ఫోను తడబడే చోట కూడా ఇది నిలకడగా చూపిస్తుంది. జీపీఎస్‌తో పాటు రష్యావాళ్ల గ్లోనాస్ ఉపగ్రహాలను కూడా వాడుకుంటుంది. మన దేశపు సొంత ఉపగ్రహ వ్యవస్థ నావిక్ మాత్రం ఇందులో లేదు. మన జిల్లాలోని శ్రీహరికోట నుంచే నావిక్ ఉపగ్రహాలన్నీ ఎగిరాయి, వాటి సిగ్నల్ ఈ పరికరానికి అందదంటే నాకు మనసులో కొంచెం వెలితిగానే ఉంటుంది.

ఇక కలపడం. 64ఎస్‌కి ఉన్నది మినీ యూఎస్‌బీ, పాత డిజిటల్ కెమెరాలకు ఉండేది, పాత ఫోన్లకు వచ్చిన మైక్రో కాదు. ఈ కేబుల్ ఇప్పుడు దొరకడమే కష్టం. దొరికినా సగం చార్జింగ్ కేబుల్సే ఉంటాయి, లోపల డేటా వైర్లు ఉండవు. టౌన్లో ఒక మొబైల్ షాపులో అడిగితే "అన్నీ ఒకటే సార్, తీసుకోండి" అన్నారు. ఇంటికొచ్చి గుచ్చితే పరికరం లైటు వెలిగింది తప్ప ల్యాప్‌టాప్‌లో ఉలుకూ పలుకూ లేదు. కాబట్టి షాపులోనే ల్యాప్‌టాప్ తెరిచి, గుచ్చి, కొత్త డ్రైవ్ కనిపిస్తేనే డబ్బులివ్వండి. పొడవు ఒకటిన్నర మీటరైనా ఉండాలి, లేకపోతే డ్యాష్‌బోర్డు నుంచి పక్క సీట్లో కూర్చున్నవాళ్ల ఒడి దాకా రాదు.

కేబుల్ సరిగ్గా ఉంటే గుచ్చగానే 64ఎస్ ఒక పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. గార్మిన్ అనే ఫోల్డరు, అందులో జీపీఎక్స్ అనే ఫోల్డరు, మనం నడిచిన ట్రాకులు అక్కడ ఉంటాయి. చాలామంది ఇక్కడిదాకా వచ్చి, ఫైళ్లు కాపీ చేసుకుని, ఇదే కనెక్షన్ అనుకుని ఆగిపోతారు. పెన్‌డ్రైవ్ అవతారంలో ఉన్నంతసేపూ అది మనం ఎక్కడున్నామో ల్యాప్‌టాప్‌కి చెప్పదు. నేవిగేషన్ కావాలంటే అది ప్రతి క్షణం తన స్థానాన్ని బయటికి పంపాలి.

దానికి పరికరంలో మెయిన్ మెనూ నుంచి సెటప్, సిస్టమ్, ఇంటర్‌ఫేస్‌లోకి పోయి గార్మిన్ స్పానర్ అనేది ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఇదే పేరుతో ఉన్న స్పానర్ ప్రోగ్రామ్ వేసుకోవాలి, గార్మిన్ దీన్ని ఉచితంగానే ఇచ్చింది. అప్పుడు కేబుల్ గుచ్చితే, మాస్ స్టోరేజ్ మోడ్‌లోకి వెళ్లమంటావా అని పరికరం స్క్రీను మీద అడుగుతుంది. ఇక్కడ "నో" నొక్కాలి. అలవాటుగా "యస్" నొక్కితే మళ్లీ పెన్‌డ్రైవే. చాలామంది గంటలు గంటలు తల పట్టుకునేది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే అని నాకు గట్టి నమ్మకం, ఎందుకంటే నన్ను అడిగినవాళ్లలో ఎక్కువమందికి ఆగిపోయిన చోటు ఇదే.

స్పానర్ చేసే పని ఏమిటంటే, గార్మిన్ సొంత భాషలో వచ్చే సమాచారాన్ని ఎన్ఎంఈఏ 0183 అనే అందరికీ తెలిసిన పద్ధతిలోకి మార్చి, ల్యాప్‌టాప్‌లో లేని ఒక సీరియల్ పోర్టును ఉన్నట్టు సృష్టించి అందులోకి పంపుతుంది. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిస్తే పోర్ట్స్ కింద కామ్ 5 అనో, కామ్ 11 అనో కనిపిస్తుంది. ఆ నంబరు గుర్తు పెట్టుకోండి. కొన్ని పాత మ్యాపు ప్రోగ్రాములు కామ్ 9 దాటిన పోర్టులను చూడలేవు. అలాంటప్పుడు డివైస్ మేనేజర్‌లోనే ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి పోయి చిన్న నంబరు ఇవ్వొచ్చు. మ్యాపు ప్రోగ్రామ్ వేగం అడిగితే 4800, అది ఎన్ఎంఈఏ ప్రామాణిక వేగం. ఇంకో మాట, ఒక పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. వెనకాల ఇంకోటి తెరిచి ఉంటే "పోర్ట్ ఈజ్ బిజీ" అనే వస్తుంది. ఏదీ పనిచేయనప్పుడు మొదట చూడాల్సింది ఇదే.

ఆ పోర్టులోంచి వచ్చేది ఉత్త అక్షరాలే, టెర్మినల్ ప్రోగ్రామ్ తెరిచి చూస్తే కళ్లతో చదువుకోవచ్చు. డాలర్ గుర్తు, తర్వాత జీపీజీజీఏ, తర్వాత టైము, తర్వాత 1337.73 ఎన్, 07925.15 ఈ. ఇది తిరుపతి. దీన్ని 13.3773 డిగ్రీలని చదివితే కొంప మునుగుతుంది. మొదటి రెండంకెలు (07925.15లో అయితే మొదటి మూడు) డిగ్రీలు, మిగతావి నిమిషాలు. అంటే 13 డిగ్రీల 37.73 నిమిషాలు. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలిపితే 13.6288 వస్తుంది. అలా భాగించకుండా ఎక్సెల్‌లో ఎక్కించారంటే మీ చుక్క తిరుపతిలో ఉండదు, 30 కిలోమీటర్లకు పైగా జరిగిపోయి చిత్తూరు వైపు ఎక్కడో కొండల్లో పడుతుంది. మంచి ప్రోగ్రాములు ఈ లెక్క వాటంతటవే చేసుకుంటాయి. చేత్తో చేసేవాళ్ల కోసమే ఇది రాశాను. అదే వరుసలో కొంచెం ముందుకు పోతే ఒక ఒంటరి అంకె ఉంటుంది. సున్నా అంటే ఉపగ్రహాలు ఇంకా దొరకలేదు, ఒకటి అంటే మామూలుగా స్థానం దొరికింది, రెండు అంటే దిద్దుబాటు సిగ్నల్ కూడా అందిందని.

ఆ "రెండు" గురించి కొంచెం చెప్పాలి. సెటప్‌లో వాస్/ఎగ్నాస్ అని ఒక ఆప్షన్ ఉంటుంది. ఆ పేర్లు అమెరికావి, యూరప్‌వి కదా, మనకెందుకని ఆపేయొద్దు. అదే ఆప్షన్ మన గగన్‌ను కూడా పట్టుకుంటుంది. ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం పెట్టిన వ్యవస్థ అది. జీశాట్-8, జీశాట్-10 ఉపగ్రహాల నుంచి దిద్దుబాట్లు వస్తాయి. శాటిలైట్ పేజీలో 40, 41 నంబర్లు కనిపిస్తే అవి గగన్‌వే. ఆకాశం విప్పారి ఉన్న తోటలో చుక్క నిలకడగా ఉండడంలో తేడా నాకు కళ్లకు కనిపించింది.

సాయంత్రాల సంగతి వేరు. మనం భూమధ్యరేఖకు మరీ దూరంలో లేము. పొద్దు గుంకాక పైన అయనోస్ఫియర్ అనే వాతావరణ పొరలో అలజడి పుట్టి జీపీఎస్ సిగ్నల్ మినుకుమినుకుమంటుంది, మార్చి, సెప్టెంబరు ప్రాంతాల్లో, సూర్యుడి మీద చురుకుదనం ఎక్కువగా ఉన్న ఏళ్లలో ఇది ఇంకా ఎక్కువ. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి దగ్గర 53 మెగాహెర్ట్జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది కదా, నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ వాళ్లది, అక్కడ చదివే విషయాల్లో ఇదీ ఒకటి. కాబట్టి రాత్రి ఎనిమిదింటికి చుక్క ఉన్నట్టుండి అటూ ఇటూ దూకితే కేబుల్‌నీ డ్రైవర్‌నీ అనుమానించే ముందు ఇది గుర్తు చేసుకోండి. కొలతలు పగలే తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే నేను వాడేది క్యూజీఐఎస్. ఉచితం, తోట మ్యాపులు ఎలాగూ అందులోనే గీస్తాను. జీపీఎస్ ఇన్ఫర్మేషన్ ప్యానెల్ తెరిచి, సీరియల్ డివైస్ ఎంచుకుని, కామ్ నంబరు ఇచ్చి కనెక్ట్ నొక్కితే కొన్ని సెకన్లలో మ్యాపు మీద గుర్తు వచ్చి కూర్చుంటుంది. బండి కదిలితే అదీ కదులుతుంది. మ్యాపు కూడా దాని వెంటే జరగాలంటే రీసెంటర్ ఆప్షన్ పెట్టుకోవాలి. ఆటోడిటెక్ట్‌ను మాత్రం నమ్ముకోవద్దు, అన్ని పోర్టులూ వెతుక్కుంటూ కూర్చుంటుంది.

అడవి దారిలో నెట్ ఉండదు. ఇంట్లో చూసినప్పుడు చక్కగా కనిపించిన ఆన్‌లైన్ మ్యాపు నేరబైలు దాటగానే తెల్ల కాగితం అవుతుంది. జియోఫాబ్రిక్ అనే వెబ్‌సైట్‌లో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాను ఇండియా సదరన్ జోన్ పేరుతో షేప్‌ఫైల్స్‌గా ఇస్తారు, ముందే దించి పెట్టుకోండి. సర్వే ఆఫ్ ఇండియా ఓపెన్ సిరీస్ మ్యాపులు కూడా బాగా పనికొస్తాయి. ఎవరి దగ్గరైనా పాత టోపోషీటు స్కాన్ దొరికితే, తిరుపతిది 57 ఓ/6, ఒక జాగ్రత్త: పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలు లెక్కించే పాత ఆధారంలో) ఉంటాయి, జీపీఎస్ డబ్ల్యూజీఎస్84లో మాట్లాడుతుంది. ఆ తేడా సరిచేయకపోతే మీరు రోడ్డు మీద ఉన్నా చుక్క వంద మీటర్లకు పైనే జరిగి చెరువులో కనిపిస్తుంది. పరికరం చెడిపోయిందని కొందరు అమ్మేసుకునేది ఇలాంటప్పుడే.

అసలు ప్రయోజనం ఎక్కడో ఒక ఉదాహరణ చెప్తా. తలకోన వైపు ఒక తోటకు పోతున్నాం, బండి మా బావమరిది నడుపుతున్నాడు, ల్యాప్‌టాప్ నా ఒళ్లో. ఒక చోట మట్టి దారి మూడుగా చీలింది, మూడూ ఒకేలా ఉన్నాయి, ఏ మ్యాపులోనూ లేవు. "ఎటు బావా?" అన్నాడు. అంతకుముందు వచ్చినప్పుడు 64ఎస్‌లో రికార్డయిన ట్రాకును ఎర్ర గీతగా మ్యాపు మీద వేసి ఉంచాను. మన చుక్క ఆ గీత మీదనే ఉంది, గీత నడిమి దారి పట్టింది. "నడిమి దాంట్లో పోనీ" అన్నా. కొంత దూరం పోయాక చుక్క గీతకు ఎడమగా జరగడం మొదలైంది, అంటే ఇంకో చిన్న చీలిక దాటేశాం. వెనక్కి తీసుకున్నాం. ఇదంతా చేతిలోని రెండున్నర అంగుళాల స్క్రీను మీద కూడా కనిపిస్తుంది, కానీ అక్కడ ఒకసారి గీత, ఒకసారి తోట చూసుకుంటూ జూమ్ చేస్తూ ఉండాలి. ల్యాప్‌టాప్‌లో గీత, తోట హద్దు, కాలవ, పక్క సర్వే నంబరు అన్నీ ఒక్క చూపులో ఉన్నాయి. ఈ ఒక్కదాని కోసమే నేను ఇంత తతంగం పడతాను.

డ్రైవింగ్ చేసేవాళ్లు ల్యాప్‌టాప్ చూడకూడదు, పక్కన మనిషి ఉండి తీరాలి. కుడికి తిరగండి, ఎడమకు తిరగండి అని గొంతుతో చెప్పదు ఇది. శేషాచలం 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వు, పైగా ఎర్రచందనం ఉన్న అడవి. యాంటెన్నా ఉన్న పరికరం, ల్యాప్‌టాప్ పెట్టుకుని తిరిగితే ఎవరైనా ఆపి అడుగుతారు, అడగడం వాళ్ల డ్యూటీ. ఫారెస్టు పర్మిషన్ లేని దారిలోకి పోవద్దు, పర్మిషన్ ఉంటే కాగితం చేతికందేలా ఉంచుకోండి.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. దీంతో గట్టు తగాదాలు తేల్చొద్దు. ఆకాశం బాగున్న చోట కూడా మూడు నుంచి ఐదు మీటర్ల తేడా మామూలే. 60 మీటర్ల గట్టు మీద గీత మూడు మీటర్లు జరిగితే 180 చదరపు మీటర్లు, సుమారు నాలుగున్నర సెంట్లు. అన్నదమ్ములు మాటలు మానేయడానికి అది చాలు. "అన్నా, నీ మిషన్‌తో మా హద్దు చూసిపెట్టు" అని రైతులు ఎంతో ప్రేమగా అడుగుతారు. నేను కుదరదనే చెప్తాను. ప్రభుత్వ రీసర్వేలో వాడిన రోవర్లు సెంటీమీటర్ల లెక్క తేల్చేవి, వాటికీ దీనికీ పోలికే లేదు. డ్రిప్పు లైను ఎటు పోవాలి, బోరు ఎంత దూరం, దారి ఎక్కడ చీలుతుంది అనేవాటికి ఇది సరిపోతుంది.

బండిలో ల్యాప్‌టాప్‌కి కరెంటు ఏర్పాటు ముందే చూసుకోండి. యూఎస్‌బీ-సీతో చార్జయ్యే ల్యాప్‌టాప్ అయితే మంచి కార్ చార్జర్ చాలు. కేబుల్‌లో ఉన్నంతసేపు 64ఎస్ ల్యాప్‌టాప్ కరెంటుతోనే నడుస్తుంది, సెల్స్ మిగులుతాయి, కానీ మామూలు సెల్స్‌ని అది చార్జ్ చేయదు. మధ్యాహ్నం ఎండలో ల్యాప్‌టాప్ స్క్రీను కనిపించదు, నేను ఒక అట్టపెట్టె ముక్కను మూతలా అడ్డం పెడతాను. గతుకుల దారిలో మినీ యూఎస్‌బీ పిన్ను కదిలి కనెక్షన్ తెగుతుంటుంది, కేబుల్‌ను పరికరం నడుముకు రబ్బరు బ్యాండుతో కట్టేస్తే ఆ బాధ తగ్గుతుంది.

లినక్స్ వాడేవాళ్లకు స్పానర్ ప్రోగ్రామ్ అక్కర్లేదు. గార్మిన్ యూఎస్‌బీకి కెర్నెల్‌లోనే డ్రైవర్ ఉంది, పైన జీపీఎస్‌డీ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములకైనా స్థానం పంచుతుంది. ఈ ఒక్క విషయంలో విండోస్ కంటే హాయి.

ఇంత ఖర్చెందుకు, యూఎస్‌బీ డాంగిల్ జీపీఎస్ కొనుక్కోవచ్చు కదా అంటే, బండిలోంచి దిగని పనైతే కొనుక్కోండి. చవక, నేరుగా ఎన్ఎంఈఏ పంపుతుంది, మోడ్‌ల గొడవ లేదు. ఒక వింత మాత్రం తెలుసుకోండి: సీరియల్‌గా ఆగకుండా వచ్చే ఆ అక్షరాలను చూసి విండోస్ కొన్నిసార్లు దాన్ని మౌస్ అనుకుంటుంది, కర్సర్ దానంతటదే స్క్రీనంతా పరుగెడుతుంది. డివైస్ మేనేజర్‌లో మౌస్‌ల కింద మైక్రోసాఫ్ట్ సీరియల్ బాల్‌పాయింట్ అని కనిపిస్తే దాన్ని డిసేబుల్ చేస్తే సరి. ఫోను స్థానాన్ని బ్లూటూత్‌తోనో వైఫైతోనో ల్యాప్‌టాప్‌కి పంపే యాప్‌లూ ఉన్నాయి, ఎప్పుడో ఒకసారి అవసరమయ్యేవాళ్లకు అవే చాలు. నేను తోటలో దిగి గంటల తరబడి నడవాలి, నడిచిన ట్రాకు పరికరంలో ఉండాలి, బండెక్కగానే అదే పరికరం ల్యాప్‌టాప్‌కి దారి చూపాలి. ఆ రెండూ చేసేది ఇదే.

ఇది పాత మోడల్ కాబట్టి చాలామంది సెకండ్‌హ్యాండ్‌లోనే కొంటారు. కొనేముందు వెనక రబ్బరు మూత తీసి యూఎస్‌బీ రంధ్రంలో పచ్చగా తుప్పు పట్టిందేమో చూడండి, సెల్స్ పెట్టే చోట స్ప్రింగులు చూడండి, ఆ మూత సరిగ్గా మూసుకుంటేనే నీళ్లు ఆగుతాయి. ఆరుబయట నిలబడి ఉపగ్రహాలు దొరికేదాకా ఆగండి. చాలా రోజులు వాడకుండా పక్కన పెట్టినదైతే మొదటిసారి కొన్ని నిమిషాలు పడుతుంది, అది లోపం కాదు. చివరగా మీ కేబుల్, మీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, స్పానర్ మోడ్ పెట్టి, "నో" నొక్కి, కామ్ పోర్టు కనిపించాకే బేరం మాట్లాడండి.